చీటీ మీద నూట ఎనభై

నా చిన్నప్పుడు దూరం అనేది ఎవరికైనా మసకగానే ఉంటుందని నా నమ్మకం. చేను అవతలి గట్టు మీద వచ్చే మనిషిని నడకను బట్టే పోల్చుకోవాలని, బస్సు బోర్డు అది పక్కకు వచ్చి ఆగాకే చదవాలని, లోకంలో అందరూ అలాగే చేస్తారని అనుకునేదాన్ని. ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఆరో తరగతికి ములకలపల్లి బడిలో చేరాక గానీ నా నమ్మకంలో తేడా ఉందని తెలియలేదు. బోర్డు మీద లెక్క ఒకటైతే నా పుస్తకంలో ఇంకొకటి ఉండేది. మూడుని ఎనిమిది అని రాసేదాన్ని. సాయంత్రానికి నుదురు పగిలేటంత నొప్పి. లెక్కల సారు కొన్నాళ్లు కొట్టి, తర్వాత ఎందుకో అనుమానం వచ్చి, ఈ పిల్లను కంటి డాక్టరుకు చూపించమని మా నాయనకు కబురు పంపాడు.

భద్రాచలంలో గురువారం గురువారం ఖమ్మం నుంచి ఒక కంటి డాక్టరు వచ్చేవాడు. నాయన నన్ను తీసుకుని పొద్దున్నే బయలుదేరాడు. పాల్వంచలో బస్సు మారి, గోదారి బ్రిడ్జి దాటి, మేం వెళ్లేసరికే వరండా నిండా జనం. డాక్టరు నా కళ్లలో చుక్కల మందు వేయించి చాలాసేపు కూర్చోబెట్టాడు. తర్వాత చీకటి గదిలో లైటు వేసి చూశాడు. ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు పెట్టి అక్షరాలు చదివించాడు. చివరికి ఒక చీటీ మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, అద్దాలు చేయించండి, ఆరునెలలకోసారి చూపించండి, నంబరు పెరగొచ్చు అని చెప్పి ఇంకొకరిని పిలిచాడు. బయటికొచ్చేసరికి బస్సు వేళయింది. అద్దాల కొట్టుకు వచ్చే వారం వెళ్దామని నాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో మా పక్కన ఒకాయన కూర్చున్నాడు. చేతిలో బ్యాగు, ఏదో ఆఫీసులో గుమస్తా వాలకం. కళ్లకు సోడాబుడ్డి అద్దాలు. చుక్కల మందు దిగక నాకు దగ్గరివి కూడా కలిసిపోయి కనిపిస్తున్నాయి. కళ్లు మూసుకుని నాయన ఒడిలో తల పెట్టాను. నిద్రపోయాననుకుని నాయన ఆ చీటీ తీసి ఆయనకు చూపించాడు. ఆయన గొణుక్కుంటూ చదివాడు. అద్దాలు పెట్టుకునే మనిషి కాబట్టి తెలిసే ఉంటుందని నాయన అనుకుని ఉంటాడు.

"నాది ఎనిమిది నంబరు," అన్నాడాయన. "ఎనిమిదికే అద్దం ఇంత మందం. ఈ పిల్లకు నూట ఎనభై అని రాసిండు."

నాయన చీటీ మీదికి వంగడం ఒడిలో నాకు తెలిసింది.

"ముంగట మైనస్ కూడా ఉన్నది. మైనస్ అంటే తక్కువ. లేదన్నట్టు లెక్క." కిందిది కూడా చదివి, "రెండు కండ్లకూ గట్లనే ఉంది," అని చీటీ తిరిగి ఇచ్చేశాడు. చెడ్డ మనిషి కాదు. తనకు తెలిసిందే చెప్పాడు. పాల్వంచలో అందరం దిగేటప్పుడు నా తల మీద చెయ్యి వేసి వెళ్లాడు. ఆ చెయ్యే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే బడిలో సున్నాకు కింద ఉండే అంకెలు మొదలుపెట్టారు. మైనస్ అంటే ఏమిటో నాకు కొత్తగా, గట్టిగా తెలుసు. చేతిలో ఉన్నదంతా పోయాక ఇంకా పోవడం. ఎనిమిది నంబరు ఆయనకే అంత మందం అద్దాలైతే నూట ఎనభైకి అద్దం ఉంటుందా? ఉండదు. మారిన బస్సులోనూ నాయన తొడ మీద తల పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఊరొచ్చేదాకా ఆ లెక్కే చేశాను.

మా నాయనకు ఒక అక్క ఉండేదట. నేను పుట్టకముందే పోయింది. చిన్నతనంలోనే మెల్లమెల్లగా చూపు పోయిందని, ఎందుకు పోయిందో ఎవరూ ఎక్కడా చూపించలేదని అనేవాళ్లు. ఆమెను చెయ్యి పట్టుకుని చేనుకూ, వాగుకూ, పెళ్లిళ్లకూ నడిపించింది మా నాయనే. ఇంట్లో ఆమె మాట వస్తే ఆయన లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోయేవాడు. నాకు అంతవరకే తెలుసు. అంతవరకు తెలియడమే చాలింది.

నాయన అమ్మతో అద్దాలు వస్తాయని మాత్రం చెప్పాడు. చీటీని చూరులో దోపాడు. తర్వాతి గురువారం భద్రాచలం పోలేదు. ఆ పై గురువారమూ పోలేదు. దానికి బదులు ఆయన నన్ను వేరే చోట్లకు తిప్పడం మొదలుపెట్టాడు.

మోదుగులు పూసే కాలం అది. ఒక పొద్దున బండి కట్టి నన్నొక్కదాన్నే ఎక్కించుకుని అడవి దారిలో తీసుకెళ్లాడు. కట్టెల కోసమో వెదురు కోసమో కాదు, ఊరికే. ఆకు లేకుండా పూసిన చెట్ల కింద బండి ఆపి, "చూడు బిడ్డా, మంచిగ చూడు," అన్నాడు. ఇంకోరోజు కిన్నెరసాని డ్యాం దగ్గరికి తీసుకెళ్లి, దూరంగా జింకలున్నాయని వేలు చూపించాడు. నాకు నీళ్ల పక్కన గోధుమరంగు మసక తప్ప ఏమీ కనిపించలేదు. చూసిన నాయనా అన్నాను. ఎన్ని ఉన్నయని అడిగితే శానా ఉన్నయన్నాను. బడి మాన్పించి దుమ్ముగూడెం తీసుకెళ్లిన రోజు గోదారి ఒడ్డున ఇసుకలో చాలాసేపు కూర్చోబెట్టాడు. అవతలి ఒడ్డు ఉందని, దాని వెనక కొండలున్నాయని, వాటి రంగు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని చెబుతూనే ఉన్నాడు. మా నాయన మాటకారి కాదు. దున్నేటప్పుడు ఎడ్లతో మాట్లాడినంత కూడా మాతో మాట్లాడేవాడు కాదు. అలాంటి మనిషి అన్ని మాటలు మాట్లాడుతుంటే, అడక్కుండానే బెల్లం జిలేబీ కొనిపెడుతుంటే, నాకు లెక్క తేలిపోయేది. బస్సులో ఆయన చెప్పింది నిజమేనన్నమాట. నిజం కాకపోతే నాయన నా మీద ఇంత ప్రేమ ఎందుకు చూపిస్తాడు?

అందుకని నేనూ నా ఏర్పాట్లు మొదలుపెట్టాను. అమ్మ నీళ్లకు పోయినప్పుడు కళ్లు మూసుకుని ఇల్లంతా తిరిగేదాన్ని. ఉప్పు కుండ ఎక్కడ, పచ్చడి జాడీ ఎక్కడ, దూలానికి ఏ పక్కన గిలక ఉంది, అన్నీ చేత్తో తడిమి గుర్తు పెట్టుకున్నాను. పశువులను ఊపిరి చప్పుడుతో పోల్చడం నేర్చుకున్నాను. తమ్ముడు నిద్రపోతుంటే వాడి మొహం మీద వేళ్లు పెట్టి ముక్కు, చెవులు, కనుబొమ్మ మీద గాటు చూసుకునేదాన్ని. వాడు లేచి అమ్మకు ఫిర్యాదు చేసేవాడు. అమ్మ మొహం మాత్రం అలా తడమలేకపోయాను. ఆమెకు మెలకువ ఎక్కువ. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఎదురుగా కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసేదాన్ని. ఏందే అట్ల చూస్తున్నవ్ అంటే ఏం లేదనేదాన్ని.

ఇంట్లో నేర్చుకున్నాక వాకిట్లోకి వచ్చాను. ఆ రోజు అమ్మ బయటి పొయ్యి మీద వడ్లు ఉడకబెట్టి, కాలిన మొద్దుల నిప్పులు గోడ వారకు లాగి, పైన బూడిద కప్పి లోపలికి వెళ్లింది. నేను పశువుల కొట్టం నుంచి కళ్లు మూసుకుని వస్తున్నాను. గోడ దొరికితే ఇల్లు దొరికినట్టేనని చెయ్యి చాచి నడుస్తున్నాను. గోడ దొరికింది. కాలు నిప్పుల్లో పడింది.

నా అరుపుకు అమ్మ గుమ్మంలోంచి, నాయన కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చారు. అమ్మ నన్ను ఎత్తి తొట్టి దగ్గర కూర్చోబెట్టి, కాలు నీళ్లలో ముంచి పట్టుకుంది. మడమ కింద బొబ్బ లేస్తోంది. భయంతో అమ్మకు కోపం వచ్చింది.

"కండ్లు ఉండి నిప్పులల్ల కాలు ఎట్ల పెట్టినవే?"

"నాకు కండ్లు పోతయ్ కదమ్మా," అన్నాను. అనగానే ఏడుపు ఆగలేదు. "ఇప్పుడే నేర్చుకుంటున్న."

గుడ్డ కోసం లోపలికి వెళ్తున్న నాయన ఉన్నచోటే ఆగిపోయాడు. అమ్మ నా కాలు వదల్లేదు. తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన మొహంలో ఏం కనిపించిందో గానీ, ఎవరు చెప్పారని నన్ను అడగలేదు. "నీకు గూడ తెలుసా ఈ సంగతి?" అని ఆయన్నే అడిగింది. ఆయన తలవంచుకున్నాడు. పదకొండేళ్ల పిల్లకూ, నలభై ఏళ్ల మనిషికీ మధ్య అన్ని రోజులు ఒకే భయం తిరుగుతూ ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది.

కాలికి గుడ్డ చుట్టాక అమ్మ చూరులోంచి చీటీ తెప్పించింది. ఆమెకు చదువు రాదు. నాయన తెలుగు చదువుతాడు, ఇంగ్లీషు అంకెలు తెలుసు. నేను అక్షరాలు కూడబలుక్కోగలను. మా ఇద్దరి మధ్య చీటీ పెట్టి, "చదువున్రి. ఒక్కొక్కటి చదువున్రి," అంది.

ఆర్ అని ఉందన్నాను. అంటే ఏందని అడిగింది. తెల్వదన్నాను. పక్కన ఒక అడ్డగీత, ఒకటి, చుక్క, రెండు సున్నాలు ఉన్నాయని నాయన అన్నాడు. అది దేనికని అడిగింది. ఆయనకూ తెల్వదు. ఆ పక్కన ఇంకో అడ్డగీత, ఒకటిన్నర. దాని పక్కన అడ్డంగా కొట్టిన రెండు గీతలు, అంటే గుణకారం గుర్తు. ఆ తర్వాత నూట ఎనభై. కింద ఎల్ అని రాసి మళ్లీ దాదాపు అవే. ప్రతి దానికీ అమ్మ అదే అడిగింది. ప్రతి దానికీ మేం అదే చెప్పాం. చీటీ అయిపోయింది.

"మరి గుడ్డిదయితదని ఏడ రాసుంది?" అంది అమ్మ.

నాయన చీటీ అటూ ఇటూ తిప్పాడు. వెనక్కి కూడా తిప్పి చూశాడు. "గట్లని రాయలే," అన్నాడు.

"మరెవరు చెప్పిన్రు?"

"బస్సుల ఒకాయన."

అమ్మ నాయన్ని ఏమైనా అంటుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. ఆడబిడ్డ సంగతి ఆమెకూ తెలుసు కదా. చీటీ తీసుకుని కొంగున ముడేసుకుని, "రాసినాయన బతికే ఉన్నడు. పోయి అడుగుదాం," అని లేచింది.

గురువారానికి ఇంకా రోజులున్నాయి. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అమ్మ మాటలో ధైర్యం ఉంది, కానీ ఆమె కూడా అన్నం సరిగ్గా తినలేదు. వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కొంగు ముడి తడుముకోవడం చూశాను. అడిగితే మంచే తెలుస్తుందని ఎవరు చెప్పగలరు? అడగకుండా ఉంటే కనీసం ఇంకొన్నాళ్లు తెలియకుండా ఉంటుంది. నాయన రెండు వారాలు చేసిన పని అదే. ఆ సంగతి నాకు పెద్దయ్యాక అర్థమైంది. అప్పుడు మాత్రం అమ్మ పోదామనకపోతే బాగుండునని రోజూ దండం పెట్టుకున్నాను.

భద్రాచలంలో మా వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. డాక్టరు చీటీ చూసి, ఇది ముందే ఇచ్చాను కదా, అద్దాలు చేయించలేదేం అని విసుక్కున్నాడు. అమ్మ బల్ల ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది. పేషంట్లు కూర్చోవలసిన స్టూలు అది.

"సారూ, దీంట్ల ఏమున్నదో మాకు తెల్వక మా ఇంట్ల ఎవ్వలకూ నిద్రల్లేవు. ఒక్కొక్కటి చెప్పున్రి. మేం పోతం."

"బయట ఎంతమంది ఉన్నారో చూశావా అమ్మా?"

"చూసిన సారూ. నేను గూడ ఆడనే కూసొని వచ్చిన."

డాక్టరు ఆమె వైపు చూశాడు, కట్టు కట్టిన నా కాలి వైపు చూశాడు, గోడకు ఆనుకుని నిలబడ్డ నాయన వైపు చూశాడు. కాలికి ఏమైందని అడిగాడు. అమ్మ దాచకుండా చెప్పింది. నూట ఎనభై మాట వినగానే ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

తర్వాత ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆర్ అంటే కుడి కన్ను, ఎల్ అంటే ఎడమ కన్ను అన్నాడు. బల్ల మీద పెట్టెలోంచి రెండు అద్దాలు తీసి అమ్మ వేళ్లకు అందించాడు. ఒకటి నడుమ పల్చగా, అంచున మందంగా ఉంది. రెండోది నడుమ ఉబ్బి ఉంది. దూరం కనిపించని వాళ్లకు మొదటిది, దాని గుర్తు మైనస్. పెద్దవయసులో దగ్గర కనిపించని వాళ్లకు రెండోది, దాని గుర్తు ప్లస్. మైనస్ అంటే చూపు లేదని కాదు, అద్దం ఏ తీరుదో చెప్పడం అంతే. ఒకటి, ఒకటిన్నర అనేవే ఎంత అద్దం కావాలో చెప్పే అంకెలు. అవి చిన్నవే.

"మరి నూట ఎనభై?" నాయన మొదటిసారి నోరు తెరిచాడు.

డాక్టరు నన్ను గోడ దగ్గరికి పిలిచాడు. అక్కడ ఒక అట్ట మీద బండిచక్రం ఆకుల్లా నడుమ నుంచి అన్ని వైపులకూ గీతలు గీసి ఉన్నాయి. దూరంగా నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడమన్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయా అని అడిగాడు. లేవు. నిలువు గీతలు నల్లగా ఉన్నాయి, అడ్డ గీతలు బూడిద పూసినట్టు వెలిసిపోయి ఉన్నాయి. అలా చెప్పాను. అన్ని గీతలూ ఒకే సిరాతో గీసినవేనని ఆయన అంటే నమ్మలేక దగ్గరికి వెళ్లి చూశాను. ఒకేలా ఉన్నాయి.

"నీ కన్ను ముందుభాగం పూర్తి గుండ్రంగా లేదమ్మా. కాస్త నొక్కినట్టు ఉంది. అందుకే ఒక దిక్కు గీతలు మసక. దానికి వేసే అద్దాన్ని ఎటు తిప్పి బిగించాలో కొట్టువాడికి చెప్పాలి కదా. నీ దగ్గర కోణమానిని ఉందా?"

ఉందన్నాను.

"దాని మీద అంకెలు ఎక్కడిదాకా ఉంటాయి?"

"నూట ఎనభై," అన్నాను. రోజూ జామెట్రీ పెట్టెలో పెట్టుకుని బడికి మోసుకుపోయే అంకె అది.

"ఇదీ అదే. దిక్కు. నిలువుకి తొంభై అంటాం, అడ్డానికి నూట ఎనభై అంటాం. జబ్బు ఎంత ఉందో చెప్పేది కాదు."

అమ్మ అప్పటికీ లేవలేదు. నంబరు పెరుగుతది అన్నరు కదా సారూ, పెరిగి పెరిగి పోతదా అని అడిగింది. ఎదిగే పిల్లకు కన్ను కూడా ఎదుగుతుందని, కొంత పెరిగితే అద్దం మారుస్తారని ఆయన చెప్పాడు. మా ఆడబిడ్డకు గిట్లనే చూపు పోయింది, ఈ పిల్లకు గూడ అట్లనే అయితదా అని అడిగింది. ఆ మాటకు నాయన కిటికీ వైపు తిరిగిపోయాడు. డాక్టరు కాసేపు ఆలోచించి, ఆమెను చూడకుండా ఏమైందో నేను చెప్పలేను, ఈ పిల్ల కన్ను లోపల మాత్రం మందు వేసి చూశాను, శుభ్రంగా ఉంది అన్నాడు. తెలియనిది తెలియదని ఆయన అన్నందుకే మిగతావన్నీ నమ్మబుద్ధయింది. అమ్మ అప్పుడు లేచి దండం పెట్టింది.

అద్దాలకు కొలతలిచ్చి బస్టాండుకు వచ్చాం. అమ్మ అరటిపళ్లు కొనడానికి వెళ్లింది. నాయన కుళాయి దగ్గర మొహం కడుక్కుని, కడుక్కుని, ఎంతసేపటికీ రాలేదు. వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆ రోజు బస్సుల నువ్వు నిద్రపోలే కదా?"

"లే."

"నువ్వు పండుకున్నవ్ అనుకున్న." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "జింకలు కనబడ్డయా నిజంగ?"

"లే నాయనా."

ఆయన నవ్వబోయి నవ్వలేక నా తలను తన భుజానికి ఆనించుకున్నాడు. అమ్మ వచ్చేదాకా అలాగే కూర్చున్నాం.

అద్దాలు వచ్చిన రోజు పెట్టుకోగానే నేల ఏటవాలుగా కనిపించింది. కొట్టు మెట్లు దిగాలంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మళ్లీ భయం వేసింది. చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుంటేనే అమ్మ నన్ను చెయ్యి పట్టి కొట్లోకి వెనక్కి తీసుకెళ్లి అడిగింది. కొత్తలో అట్లనే ఉంటుందని, వారం ఆగినా తగ్గకపోతే రమ్మని కొట్టాయన చెప్పాడు. తగ్గింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ తర్వాత మా ఇంటికి ఎన్ని చీటీలు వచ్చాయో, ఎన్ని రిపోర్టులు వచ్చాయో లెక్కలేదు. ప్రతిసారీ భయం ముందు వచ్చింది. ప్రతిసారీ భయం వేసిన చోట వేలు పెట్టి, నేను భయపడుతున్నది ఇక్కడ నిజంగా రాసి ఉందా అని చూసుకున్నాను. చాలాసార్లు లేదు. ఒకసారి ఉంది. నాయన ఛాతీకి ఎక్స్‌రే తీయించినప్పుడు ఖమ్మం దవాఖానాలో మా అమ్మ అలాగే స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కటి అడిగింది. అక్కడి డాక్టరమ్మ ఒక్కొక్కటి చెప్పింది. ఈసారి ఏ జవాబూ మంచిది కాదు. నాయన పక్కనే ఉండి అన్నీ విన్నాడు.

ఇంటికొచ్చాక ఏం తినిపించాలో, నొప్పి ఎప్పుడు పెరుగుతుందో, ఊపిరి ఆడనప్పుడు ఎలా కూర్చోబెట్టాలో మాకు తెలుసు. ఏమేం మాట్లాడుకోవాలో అవీ మాట్లాడుకున్నాం. భయం పోలేదు, పోయిందంటే అబద్ధం. కానీ ముగ్గురం ఒకే భయాన్ని ఒకచోట కూర్చుని పంచుకున్నాం. ఎవరి భయం వాళ్లు దాచుకుని ఒకే ఇంట్లో తిరగడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది మళ్లీ మా ఇంట్లో జరగనివ్వలేదు.